బండి పక్కకు పెట్టమన్నాక: ఒక ట్రాఫిక్ ఎస్ఐని జనం తరచుగా అడిగే ప్రశ్నలు

కానిస్టేబుల్‌గా చేరి, ఇప్పుడు హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఎస్ఐగా పనిచేస్తున్నాను. పెళ్ళికి వెళ్ళినా, పండక్కి ఊరెళ్ళినా నా ఉద్యోగం ఏంటో తెలియగానే ఎవరో ఒకరు కుర్చీ దగ్గరకు జరుపుకుని మొదలుపెడతారు. రోడ్డు మీద అడగలేక మనసులో దాచుకున్న ప్రశ్నలన్నీ అక్కడ బయటపడతాయి. వాటిలో పదేపదే వచ్చేవాటికి నాకు తెలిసినంత వరకు సూటిగా జవాబులు రాస్తున్నాను. చట్టం సంగతి చట్టంగా, నా అభిప్రాయం నా అభిప్రాయంగానే చెప్తాను.

ఇంతమంది పోతుంటే నన్నే ఎందుకు ఆపారు?

ఈ ప్రశ్న రోజుకు పాతికసార్లు వింటాను. గ్రీన్ పడగానే ఒక్క వైపు నుంచే వంద బళ్ళు కదులుతాయి. అక్కడ మేం ఉండేది ముగ్గురమో నలుగురమో. అందరినీ ఆపడం కుదరదు, ఆపితే వెనక అంతా జామ్ అవుతుంది. అందుకే కళ్ళు ఒక వరసలో చూడటానికి అలవాటు పడిపోతాయి. నేనైతే మొదట తల, తర్వాత చేతులు, ఆ తర్వాత నంబర్ ప్లేట్ చూస్తాను. హెల్మెట్ పెట్రోల్ ట్యాంకు మీద ఉందా, మోచేతికి వేలాడుతోందా, ఫోన్ చెవికీ హెల్మెట్‌కీ మధ్య ఇరికించారా, ఇవన్నీ రెండు సెకన్లలో తెలిసిపోతాయి.

హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళను కూడా నేను కొన్నిసార్లు ఆపుతాను. గడ్డం కింద బెల్టు పెట్టుకోలేదని. చాలామందికి కోపం వస్తుంది, "హెల్మెట్ ఉంది కదా సార్" అంటారు. నేను వెళ్ళిన ఒక ప్రమాదంలో హెల్మెట్ పదడుగుల అవతల పడి ఉంది. దాని మీద చిన్న గీత కూడా లేదు. కొత్తది, లోపల స్పాంజి మీద కంపెనీ స్టిక్కర్ ఇంకా అలాగే ఉంది. బెల్టు క్లిప్పు మాత్రం ఒక్కసారి కూడా వాడినట్టు లేదు. ఆ మనిషికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. అప్పట్నుంచి నా చెయ్యి ముందు బెల్టు దగ్గరికే వెళ్తుంది. క్లిప్పు "టక్"మని పడిన చప్పుడు వినేదాకా బండి కదలనివ్వను. అలాంటివాళ్ళకు చాలాసార్లు చలానా కూడా రాయను.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029 మంది. ఆ యాభై వేలల్లో 14 వేల పైచిలుకు వెనక కూర్చున్నవాళ్ళు. అందుకే వెనక కూర్చున్న అమ్మకు, భార్యకు కూడా హెల్మెట్ అడుగుతాం. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 129 ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ అది ఉండాలి. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది.

ఏ కాగితాలు చూపించాలి? ఫోన్‌లో ఉంటే చాలదా?

లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. యూనిఫాంలో ఉన్న పోలీస్ అధికారి అడిగితే లైసెన్స్ చూపించాల్సిందే, అది సెక్షన్ 130. ఫోన్‌లో డిజీలాకర్ గానీ ఎంపరివాహన్ గానీ (రెండూ ప్రభుత్వ యాప్‌లే) తెరిచి చూపిస్తే చెల్లుతుంది. 2018లోనే నిబంధనలు మార్చి ఎలక్ట్రానిక్ రూపాన్ని ఒప్పుకున్నారు. ఎవరైనా "ఒరిజినల్ కావాలి" అని పట్టుబడితే మర్యాదగా ఈ మాట చెప్పండి. గ్యాలరీలో ఉన్న ఫొటోకు మాత్రం ఆ విలువ లేదు. వాట్సాప్‌లో తమ్ముడు పంపిన ఆర్‌సీ ఫొటో చూపించి డిజీలాకర్ అంటే నేను ఒప్పుకోలేను.

చిన్న సలహా. సిగ్నల్ దగ్గర ఎండలో నెట్ రాక, ఓటీపీ రాక చాలామంది టెన్షన్ పడతారు. ఇంట్లో ఉన్నప్పుడే యాప్ తెరిచి అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

పోలీసులు బండి తాళం లాక్కోవచ్చా?

తాళం లాక్కొమ్మని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. లైసెన్స్ లేకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా, పర్మిట్ లేకుండా నడుపుతుంటే బండిని స్వాధీనం చేసుకునే అధికారం సెక్షన్ 207 ఇచ్చింది. దానికొక పద్ధతి ఉంది, రాతపూర్వకంగా జరగాలి. నడుస్తున్న బండి మీదికి చెయ్యి చాచి తాళం తియ్యడం దాని కిందికి రాదు.

నేను కొత్తగా వచ్చినప్పుడు ఇది మామూలే అనుకునేవాణ్ణి, సీనియర్లు చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. ఒకసారి ఒక పెద్దాయన బండి తాళం తీసేసరికి హ్యాండిల్ ఒక పక్కకు లాగేసి, ఆయన కాలు బండి కింద పడింది. దెబ్బ పెద్దది కాదు. కానీ ఆయన లేచి నిలబడి, చొక్కా దులుపుకుంటూ, "నేను ఆగుతూనే ఉన్నాను కదయ్యా" అన్నాడు. నిజంగానే ఆయన ఆగుతున్నాడు. ఆ రోజు తర్వాత మళ్ళీ ఎవరి తాళమూ ముట్టుకోలేదు, నా దగ్గర పనిచేసే కానిస్టేబుళ్ళను కూడా ముట్టుకోనివ్వను.

చెట్టు చాటున, మలుపు దాటాక ఎందుకు నిలబడతారు?

నిజం చెప్పాలంటే సగం నీడ కోసం. మే నెలలో తారు రోడ్డు మీద మధ్యాహ్నం రెండింటికి బూటు అడుగు కూడా కాలుతుంది. మిగతా సగం మాత్రం మీరు అనుకునేదే: కనబడితే జనం వెనక్కి తిరిగి పారిపోతారని కొందరు మలుపు దాటాక నిలబడతారు.

నాకు ఈ పద్ధతి నచ్చదు. హఠాత్తుగా ఖాకీ కనబడితే మనిషి బ్రేకు కొడతాడు, లేదా హ్యాండిల్ తిప్పేస్తాడు. వెనక వచ్చే ఆటో అతని మీదికి ఎక్కుతుంది. దూరం నుంచే కనబడేలా, రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకుని నిలబడాలని నేను గట్టిగా చెప్తాను. మమ్మల్ని చూసి ఎవరైనా యూటర్న్ కొట్టి పోతే పోనివ్వండి, నంబర్ కెమెరాకు దొరుకుతుంది. వెంటపడటం మాత్రం వద్దే వద్దు. మనం వెనక వస్తున్నామన్న భయంతో పదిహేడేళ్ళ కుర్రాడు డివైడర్‌కు గుద్దుకుంటే, హెల్మెట్ కేసు రాసి ఏం లాభం?

మీకు చలానాల టార్గెట్లు ఉంటాయట కదా?

రోజుకు ఇన్ని రాయాలని చట్టంలో లేదు. కానీ సమీక్షల్లో అంకెలు చూస్తారు, ఆ స్టేషన్‌లో అన్ని కేసులు, మీ దగ్గర ఇన్నేనా అని అడిగే అధికారులు నాకు తగిలారు. అలా అడిగిన నెల కొందరు సులువుగా దొరికే కేసుల వైపు వెళ్తారు: పార్కింగ్ ఫొటోలు, స్టాప్ లైన్ మీద చక్రం. రాంగ్ రూట్‌లో దూసుకొచ్చేవాణ్ణి ఆపడానికి పట్టే టైమ్‌లో పది పార్కింగ్ ఫొటోలు తీయొచ్చు. ప్రాణాలు పోయేది మాత్రం ఆ రాంగ్ రూట్ దగ్గర. కేసులు కాకుండా, నీ జంక్షన్‌లో ఈ ఏడాది ఎంతమంది చనిపోయారు, పోయినేడాది ఎంతమంది అని అడిగితే మా పని తీరు మారుతుందని నా గట్టి నమ్మకం.

జరిమానా డబ్బు అక్కడికక్కడే ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. చలానా మీ నంబర్ మీద ఆన్‌లైన్‌లో పడుతుంది. వెబ్‌సైట్‌లోనో, పేమెంట్ యాప్‌లోనో, మీసేవలోనో కట్టుకోవచ్చు. రసీదు లేకుండా ఎవరైనా నగదు అడిగితే అది లంచం. తెలంగాణలో ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) టోల్‌ఫ్రీ నంబర్ 1064. ఇంకో మాట కూడా చెప్పాలి. "సార్, ఐదొందలు తీసుకుని వదిలెయ్యండి" అని మొదట జేబులో చెయ్యి పెట్టేది చాలాసార్లు బండి నడిపేవాళ్ళే. ఆ ఐదొందలు పట్టుకున్న చెయ్యిని వెనక్కి నెట్టడం కొత్త కానిస్టేబుల్‌కు ఎంత కష్టమో బయటివాళ్ళకు తెలియదు.

జరిమానా ఎంత అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కేంద్రం 2019లో చట్టం సవరించి మొత్తాలు బాగా పెంచింది. కోర్టు దాకా వెళ్ళకుండా కట్టి తేల్చుకునే మొత్తాన్ని మాత్రం రాష్ట్రాలే నిర్ణయించుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చి 1 నుంచి హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు వేస్తున్నారు. విజయవాడ వెళ్ళే హైదరాబాద్ వాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

"మీ బండికి చలానా పడింది" అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే దాన్ని అస్సలు తెరవొద్దు. ఏ పోలీస్ శాఖా అలా యాప్ పంపదు. అది ఫోన్‌లోకి దిగితే బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. పొరపాటున తెరిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

నేను ఆ రోజు బయటికే వెళ్ళలేదు. చలానా ఎలా వచ్చింది?

ముందు ఫొటో తెరిచి చూడండి. బండి మోడల్, రంగు, నడిపే మనిషి. ఎవరో మీ నంబర్ వేసుకుని తిరుగుతుండొచ్చు. లేదా అవతలి బండి ప్లేట్ మీద బురద పడి 3 కాస్తా 8లా కనిపించి ఉండొచ్చు. ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేసే చోటు ఉంది. మీ బండి ఫొటో, ఆర్‌సీ జతచేసి పంపండి. తప్పు మాదైతే తీసేస్తారు. మీ నంబర్ వేరే బండికి వాడుతున్నట్టు అనుమానం వస్తే పోలీస్ స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇచ్చి పెట్టుకోండి. రేపు ఆ బండితో గొలుసు దొంగతనం చేస్తే మొదట తలుపు తట్టేది మీ ఇంటిదే.

కెమెరా చలానాకు కేంద్ర నిబంధనల ప్రకారం గడువులోపు సమాచారం పంపాలి. మీ ఆర్‌సీలో పాత ఫోన్ నంబర్ ఉంటే ఆ మెసేజ్ ఎవరికో పోతుంది. ఫోన్ మార్చినవాళ్ళు, ఇల్లు మారినవాళ్ళు, సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళు ఆర్‌సీలో వివరాలు మార్పించుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

డిస్కౌంట్ వస్తుంది కదా, అప్పటిదాకా ఆగితే పోలా?

2022 మార్చిలో తెలంగాణలో బైకులకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో మళ్ళీ ఇచ్చినప్పుడు 80 శాతం. పెండింగ్ చలానాలు కొండలా పేరుకుపోయాయి కాబట్టి ఇచ్చారు, బకాయిలు కొంత కదిలాయి, నిజమే. కానీ పడిన వారంలోనే పూర్తిగా కట్టినవాళ్ళు వచ్చి "మేం పిచ్చోళ్ళమా సార్?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి చలానా అంటే పండగ ఆఫర్‌లా అయిపోయింది జనానికి. మొత్తం చిన్నదైనా సరే, తొందరగా పడి తొందరగా కట్టేలా ఉంటేనే మనిషిలో మార్పు వస్తుందని నేననుకుంటాను.

డ్రంక్ అండ్ డ్రైవ్‌లో అసలు ఏం జరుగుతుంది?

బ్రీత్ ఎనలైజర్‌కు ప్రతి ఒక్కరికీ కొత్త పైపు పెడతాం. సీలు మీ ముందే చింపమని అడగండి, అది మీ హక్కు. గట్టిగా, ఆపకుండా ఊదాలి. బుగ్గలు ఉబ్బించి ఊదినట్టు నటించేవాళ్ళు మాకు కొత్త కాదు. వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. "ఒక్క బీరే" అన్న మాట దాదాపు అందరూ అంటారు. యంత్రం లెక్కపెట్టేది సీసాలను కాదు. మీ బరువు, ఎప్పుడు తిన్నారు, ఎంతసేపటి క్రితం తాగారు, అన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది.

దగ్గు మందు, మౌత్‌వాష్ వల్ల వచ్చిందంటే? నోట్లో ఉన్న ఆల్కహాల్ పదిహేను నిమిషాల్లో పోతుంది. నీళ్ళతో పుక్కిలించి, కాసేపు కూర్చుని మళ్ళీ ఊదుతానని అడగండి. నేనైతే ఒప్పుకుంటాను. ఊదనే ఊదను అని మొండికేస్తే అది కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది.

మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే రెండేళ్ళ దాకా, పదిహేను వేలు. హైదరాబాద్‌లో కోర్టుకు వెళ్ళేముందు గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ శిక్షణ సంస్థలో కౌన్సెలింగ్ ఉంటుంది, ఇంట్లోవాళ్ళతో రావాలి. ఆ గదిలో నేను చూసిన దృశ్యాల్లో ఒకటి మర్చిపోలేను. నలభై ఐదేళ్ళ మనిషి, పక్కన ఇంటర్ చదివే కూతురు. వీడియోలో ప్రమాదం చూపిస్తుంటే ఆ పిల్ల స్క్రీన్ వైపు చూడలేదు. తండ్రి చొక్కా అంచు పట్టుకుని, దాన్ని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతూ కూర్చుంది.

బండి సంగతి. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు స్పష్టంగా చెప్పింది: తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని పట్టుకుని ఉంచుకోకూడదు. తాగని మనిషి లైసెన్స్‌తో పక్కన ఉంటే అతనికి ఇవ్వాలి. లేకపోతే బంధువుకో స్నేహితుడికో ఫోన్ చేసి పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే తాత్కాలికంగా స్టేషన్‌లో పెట్టి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూపించిన ఓనర్‌కు అప్పగించాలి. రాత్రి ఒంటిగంటకు నిద్ర లేచి తమ్ముడి కోసం ఆటోలో వచ్చే అన్నలను నేను ఎంతమందిని చూశానో.

"సార్, ఒక్కసారి మాట్లాడండి" అని ఫోన్ ఇస్తే తీసుకుంటారా?

తీసుకోను. బాడీ కెమెరా ఆన్‌లో ఉందని చెప్తాను, చాలామటుకు ఫోన్ దానంతటదే జేబులోకి వెళ్ళిపోతుంది. పైరవీ చేసే మనిషి లేని డెలివరీ బాయ్‌కు రాసి, ఫోన్ ఇచ్చినవాణ్ణి వదిలేస్తే, ఆ డెలివరీ బాయ్ నా మొహంలోకి చూసే చూపు భరించడం కష్టం.

మరి పోలీసులే హెల్మెట్ లేకుండా తిరుగుతారు కదా?

తిరుగుతారు, తప్పు. 2019 సవరణలో సెక్షన్ 210బి పెట్టారు: చట్టాన్ని అమలు చేయాల్సినవాళ్ళే ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు. ఫొటో తీసి పంపండి. మా వాళ్ళే కదా అని నేను బాధపడను.

యూటర్న్ అర కిలోమీటరు అవతల పెట్టి రాంగ్ రూట్ అంటే ఎలా?

ఈ కోపంలో న్యాయం ఉంది. కొన్నిచోట్ల రోడ్డు కట్టిన తీరే జనాన్ని రాంగ్ రూట్‌లోకి తోస్తుంది. ఎదురుగా కనిపించే గేటుకు వెళ్ళడానికి కిలోమీటరు తిరిగి రమ్మంటే రోజూ తిరిగేవాళ్ళు తక్కువ. ఇలాంటి చోట్లు కనిపిస్తే మేం పైకి రాస్తాం, కొన్ని మారుతాయి, కొన్ని ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. అయినా నేను ఆపుతాను. సరైన దిశలో వచ్చేవాడు కుడివైపు చూసుకుంటాడే తప్ప, ఎడమ అంచున ఎదురొచ్చే బండిని ఊహించడు. రోడ్డు దాటే ముసలమ్మ కూడా అంతే, బళ్ళు వచ్చే వైపే చూస్తుంది.

మా అబ్బాయికి పదహారు. ట్యూషన్‌కు స్కూటీ ఇస్తే పర్వాలేదా?

గేర్లు లేవు, వీధిలోనే అంటారు. పదహారేళ్ళకు లైసెన్స్ ఇచ్చేది 50 సీసీ లోపు బళ్ళకు. మీ ఇంట్లో ఉన్న స్కూటీ 110 సీసీయో, 125 సీసీయో. సెక్షన్ 199ఎ ప్రకారం మైనర్ నడిపి దొరికితే శిక్ష తల్లిదండ్రులకు లేదా ఓనర్‌కు: మూడేళ్ళ దాకా జైలు, పాతిక వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఈ చివరి మాట చెప్పగానే తల్లుల మొహంలో రంగు మారుతుంది, ఉద్యోగానికి వెళ్ళే వయసు గుర్తొచ్చి.

పోలీసు "ఏయ్, ఆపు" అని గద్దిస్తే ఏం చెయ్యాలి?

పేరు, స్టేషన్ అడగండి. వీడియో తీసుకోండి, పని అడ్డుకోకుండా తీస్తే నాకేం అభ్యంతరం లేదు. మా వాళ్ళకు నేను చెప్పేది ఒకటే: "బండి పక్కకు పెట్టండి" అన్నది మొదటి మాట, "ఎందుకు ఆపామో" రెండో మాట. వయసును బట్టి అన్నా, అమ్మా, తమ్ముడూ అని పిలవండి. ఎనిమిది గంటలు హారన్ల మధ్య నిలబడి, ఇంటికెళ్ళి ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లబడే ఉద్యోగం మాది, విసుగు వస్తుంది. ఆ విసుగు ఎదుటివాళ్ళ మీద చూపించే హక్కు మాత్రం మాకు లేదు.

ఆసుపత్రికి వెళ్తున్నారా? ముందే ఆ మాట చెప్పండి. కాగితాలు తర్వాత, దారి ముందు.

అంబులెన్స్‌కు దారివ్వబోయి రెడ్ దాటితే?

ఇవ్వండి. కెమెరా చలానా పడితే, తేదీ, టైమ్ వేసి ఫిర్యాదు పెట్టండి. ఫొటోలో వెనక అంబులెన్స్ కనిపిస్తూనే ఉంటుంది. దారివ్వకపోతే చట్టంలో పది వేల జరిమానా ఉంది.

ప్రమాదం చూస్తే ఆగాలా? కేసులో ఇరుక్కుంటామేమో?

ఇరుక్కోరు. 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో చట్టంలోనే సెక్షన్ 134ఎగా చేర్చారు: సాయం చేసినవాళ్ళ మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరు చెప్పాలని బలవంతం చేయకూడదు. 108కో 112కో ఫోన్ చెయ్యండి, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి, మెడ కదపొద్దు, హెల్మెట్ లాగొద్దు. డబ్బు సంగతి ఆలోచించకండి. 2025 మే నుంచి కేంద్ర పథకం కింద నిర్ణయించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం అందుతుంది. మేం వచ్చాక ఎక్కడ, ఎప్పుడు జరిగిందో రెండు ముక్కలు చెప్పి మీ దారిన మీరు వెళ్ళొచ్చు.